ప్రార్థన, ఉపవాసం మానలేదు, అయినా ఇంట్లో కోపం తగ్గడం లేదు. ఏం చేయాలి?

వందనాలు బ్రదర్. మీరు రాసింది క్లుప్తంగా చెప్పుకుంటే ఇదీ: తెల్లవారకముందే లేచి ప్రార్థన చేస్తారు, వారానికో రోజు ఉపవాసం ఉంటారు, సంఘంలో పాటలు నడిపిస్తారు. ఇంట్లో మాత్రం చిన్న విషయానికే నోరు జారుతోంది. "సంఘంలో కనిపించే మనిషి ఇంటికెందుకు రాడు?" అని మీ భార్య అడిగేసింది. అబ్బాయి కుటుంబ ప్రార్థనకు కూర్చోవడం మానేశాడు. ఉపవాసం ఇంకో రోజు పెంచాలా, అసలు నాకు మారుమనస్సు (పాపం వదిలి దేవుడి వైపు తిరగడం) కలిగిందా లేదా అన్నది మీ టెన్షన్.

సూటిగా చెప్తాను. ఉపవాసం పెంచొద్దు. ముందు మీ భార్య దగ్గరికి వెళ్లండి. ఎప్పుడు ఏ మాట అన్నారో ఆ మాటే చెప్పి, అది తప్పని ఒప్పుకుని, క్షమించమని అడగండి. తర్వాత అబ్బాయి దగ్గరికి. ఇది చేయకుండా ఎంతసేపు మోకరించినా ఇంట్లో ఏమీ కదలదు. మారుమనస్సు సంగతి చివర్లో మాట్లాడుకుందాం, దానికి జవాబు మీరు భయపడుతున్నంత చెడ్డదేం కాదు.

మా ఆయన పాస్టర్. ఇంటి గొడవలతో వచ్చేవాళ్లతో ఇద్దరం కలిసి కూర్చుంటాం. ఆడవాళ్లు ఎక్కువగా నాతోనే మనసు విప్పుతారు కాబట్టి మీలాంటి భర్తల సంగతి అవతలి వైపు నుంచి చాలా ఏళ్లుగా వింటున్నాను. అందుకని కాస్త కటువుగా అనిపిస్తే ఏమనుకోకండి.

మత్తయి 5:23-24 మీకు కంఠతా వచ్చే ఉంటుంది. బలిపీఠం దగ్గర అర్పణ అర్పిస్తున్నప్పుడు నీ సహోదరుడికి నీ మీద ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలేసి వెళ్లి ముందు అతనితో సమాధానపడు, ఆ తర్వాత వచ్చి అర్పించు అన్నాడు యేసు. ఈ మాట చెప్పింది గలిలయలో. బలిపీఠం ఉన్నదేమో యెరూషలేములో. మధ్యలో వంద కిలోమీటర్లు దాటిన దూరం, కాలినడకన మూడు రోజులైనా పడుతుంది. గలిలయ నుంచి వెళ్లినవాడు అర్పణ వదిలేసి ఇంటికొచ్చి, రాజీపడి, మళ్లీ వెళ్లాలంటే దాదాపు వారం. అయినా అదే ముందు చేయమన్నాడు. మీరు వెళ్లాల్సింది పక్క గదికి! ఇంకో సంగతి కూడా గమనించండి, ఇక్కడ బాధపడి ఉన్నది అవతలివాడు, లేచి వెళ్లాల్సింది అర్పణ తెచ్చినవాడు. "ఆమె వచ్చి మాట్లాడితే నేనూ మాట్లాడతాను" అనే భర్తలకు ఈ వచనంలో చోటే లేదు.

ఉపవాసం గురించి అడిగారు కాబట్టి యెషయా 58 ఒకసారి నిదానంగా చదవండి. జనం దేవుణ్ణి నిలదీస్తారు, మేం ఉపవాసం ఉంటే నువ్వెందుకు చూడవు అని. మీరు ఉపవాసం ఉండి కలహాలు పెట్టుకుంటున్నారు, కొట్టుకుంటున్నారు, అలాంటి ఉపవాసం వల్ల మీ ప్రార్థన పైకి వినబడదు అన్నది ఆయన జవాబు. 1 పేతురు 3:7 కూడా అదే మాట భర్తలకు విడిగా చెప్తుంది: భార్యను అర్థం చేసుకుని, గౌరవించి కాపురం చేయండి, మీ ప్రార్థనలకు అడ్డం రాకుండా ఉండాలంటే. యేసు శిష్యుడైన ఈ పేతురు పెళ్లయినవాడు, అతని అత్తకు జ్వరం వస్తే యేసు బాగుచేసిన సంగతి మార్కు మొదటి అధ్యాయంలోనే ఉంది, కాబట్టి ఇది ఇల్లు తెలియని మనిషి చెప్పిన మాట కాదు.

ఇక ఎలా అడగాలి. నేను చూసినంతలో మగవాళ్లు తడబడేది ఇక్కడే. ఒకాయన మా దగ్గరికొచ్చి "అడిగానమ్మా, ఆమె మనసు కరగలేదు" అన్నాడు. ఏమని అడిగారో అదే మాట నాకు చెప్పండి అన్నాను. "నా వల్ల ఏమైనా పొరపాటు జరిగి ఉంటే క్షమించు అన్నాను." "జరిగి ఉంటే" ఏమిటండీ? ఆమె అన్నకీ వదినకీ భోజనం వడ్డిస్తున్నప్పుడు, వాళ్ల ముందే "నీకు బుర్ర ఉందా?" అన్నాడు. ఆమె గిన్నె అక్కడ పెట్టేసి లోపలికెళ్లింది. ఆ రాత్రి నుంచి ఆమె చెవిలో మోగుతున్నది ఆ ఒక్క ముక్కే, ఈయనేమో "ఏమైనా" అంటున్నాడు. మళ్లీ పంపించాం. "మీ అన్నయ్య ముందు నీకు బుర్ర ఉందా అన్నాను. అలా అనకూడదు. నీ పరువు తీశాను. నన్ను క్షమించు." అంతే. నిమిషం కూడా పట్టదు. చెప్పడానికి ఆయనకు వారం పట్టింది.

చెప్పాక నోరు మూసుకోవాలి, అది ఇంకా కష్టం. "కానీ నువ్వు కూడా ఆ రోజు..." అన్నారో, అంతకుముందు చెప్పిందంతా గంగలో కలిసినట్టే. బైబిల్లో సౌలు రాజు, దావీదు రాజు ఇద్దరూ "పాపం చేశాను" అన్నవాళ్లే. సౌలు (1 సమూయేలు 15) ఆ మాట అంటూనే జనానికి భయపడి చేశానన్నాడు, పైగా పెద్దల ముందు నన్ను గౌరవించమని సమూయేలు ప్రవక్తను బతిమాలుకున్నాడు. నాతాను ప్రవక్త నిలదీసినప్పుడు దావీదు (2 సమూయేలు 12) సాకులేమీ చెప్పలేదు, ఒక్క వాక్యంతో ఒప్పుకున్నాడు. పాపాల్లో దావీదుదేమీ చిన్నది కాదు. తేడా ఒప్పుకున్న తీరులో ఉంది.

ఆమె వెంటనే కరిగిపోవాలని చూడొద్దు. పైన చెప్పినాయనే రెండోసారి అడిగినప్పుడు ఆమె బట్టలు మడతపెడుతూ "సరే" అని, తల కూడా ఎత్తకుండా ఇంకో చొక్కా తీసుకుందట. మర్నాడే మళ్లీ మా దగ్గరికి. "క్షమించకపోతే పాపం కదమ్మా, మీరు ఆమెకు వాక్యం చెప్పండి" అని. నేను చెప్పనన్నాను. అన్నలు బానిసగా అమ్మేసిన యోసేపు సంగతి చూడండి. ధాన్యం కోసం అన్నలు వచ్చినప్పుడు వాళ్లను గుర్తుపట్టాడు, అయినా వెంటనే కౌగిలించుకోలేదు. అన్నల్లో షిమ్యోనును ఆపుకున్నాడు, తమ్ముడు బెన్యామీనును తీసుకురమ్మన్నాడు, దొంగతనం మోపడానికి అతని గోనెలో గిన్నె పెట్టించాడు. చివరికి ఎక్కడ ఆపుకోలేక ఏడ్చాడు? తమ్ముడికి బదులు నేను బానిసగా ఉండిపోతాను అని యూదా అన్నప్పుడు. ఒకప్పుడు యోసేపును అమ్మేద్దామని సలహా ఇచ్చిన యూదానే. మనిషి మారాడా లేదా అని తెలుసుకునే హక్కు దెబ్బ తిన్నవాళ్లకు ఉంటుంది, అందుకు టైం పడుతుంది. మీ భార్య మౌనంగా ఉందంటే క్షమించలేదని అనుకోకండి, చూస్తోంది.

మీరు రాయలేదు గానీ అడగకుండా ఉండలేను: గొడవలో వాక్యం తీస్తున్నారా? "భార్యలు లోబడాలి" అని? ఎఫెసీ 5లో భార్యలకు చెప్పింది 22 నుంచి 24 వరకు, మూడు వచనాలు. తర్వాత 25 నుంచి అధ్యాయం చివరిదాకా దాదాపు అంతా భర్తలకే, అదీ క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు ప్రేమించమని. వీటికి ముందున్న 21వ వచనం ఒకరికొకరు లోబడమని అందరికీ చెప్పింది. ఈ పత్రిక రాసిన పౌలు భార్యలతో భార్యల మాట, భర్తలతో భర్తల మాట చెప్పాడే తప్ప, భార్యలను లోబరుచుకోండి అని భర్తలకు ఎక్కడా చెప్పలేదు. ఆమె వాక్యం ఆమె చదువుకుంటుంది. మీరు మీది చదవండి, అది పూర్తయ్యేసరికి చాలాకాలమే పడుతుంది.

కోపం దగ్గరికి వద్దాం. కోపం రావడమే పాపం అని బైబిల్ అనలేదు, "కోపపడుడి గాని పాపము చేయకుడి" అంది. యేసుకు కూడా కోపం వచ్చింది. కానీ యాకోబు 1:20 ఉందే, "నరుని కోపము దేవుని నీతిని నెరవేర్చదు" అని, అది ఇంట్లో పెద్దరికం ఉన్నవాళ్లు రోజూ గుర్తు చేసుకోవాల్సిన మాట. పిల్లాణ్ణి బాగుచేయడానికే అరిచాను అంటాం. అరిచి బాగుచేసిన పిల్లలు ఎక్కడైనా కనిపిస్తే చెప్పండి.

ఓ వారం పాటు ఎప్పుడెప్పుడు అరిచారో రాసుకోండి, ఎందుకు అన్నది తర్వాత సంగతి, ముందు టైం రాయండి. మేం ఇలా రాయించిన చాలామంది కాగితాల్లో ఒకే రకం కనిపిస్తుంది: పని నుంచి రాగానే, కడుపులో ఏమీ పడకముందు, డబ్బు లెక్కలు మాట్లాడుతున్నప్పుడు, నిద్ర చాలని రోజున. తెల్లవారకముందే లేస్తానన్నారు, సంతోషం. పడుకునేది ఎన్నింటికి? పాటల ప్రాక్టీసు అయ్యి, ఫోన్ చూసుకుని, అర్ధరాత్రికి పడుకుని మళ్లీ నాలుగింటికి లేస్తుంటే సాయంత్రం ఆ బాకీ మీ భార్యాపిల్లలు తీరుస్తున్నారు. అలాంటప్పుడు ఇంకో గంట నిద్రపోవడమే భక్తి అంటాను నేను. కొందరికి ఈ మాట నచ్చదు. కానీ ఏలీయా ప్రవక్త చచ్చిపోతాను ప్రభువా అని చెట్టు కింద పడుకున్నప్పుడు (1 రాజులు 19) దేవుడు ముందు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు పెట్టించాడు, మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ తినిపించాడు. మాట్లాడింది ఆ తర్వాత, అదీ నలభై రోజుల నడక అయ్యాక.

మాట పెరుగుతోందని తెలిసినప్పుడు "నాకు పావుగంట టైం ఇవ్వు, వచ్చి మాట్లాడతాను" అని లేచి వెళ్లండి. వచ్చి మాట్లాడండి కూడా. చాలామంది వెళ్లడమే నేర్చుకుంటారు, తిరిగి రారు, అది కోపం కంటే పెద్ద శిక్ష అవుతుంది అవతలివాళ్లకు. సూర్యుడు అస్తమించేలోపు కోపం వదిలేయమన్న మాట కూడా ఇందుకే, అయితే రాత్రి పన్నెండింటికి నిద్ర ఆపుకుని "ఇప్పుడే తేల్చుకోవాలి" అని కూర్చోమని దాని అర్థం కాదు. "రేపు పొద్దున మాట్లాడుకుందాం, నీ మీద నాకేమీ లేదు" అన్నా చాలు. ఇవన్నీ చేశాక కూడా ఊరికే చిరాకు, ఏడుపు, దేనిమీదా మనసు లేకపోవడం నెలల తరబడి ఉంటే డాక్టర్‌కు చూపించుకోండి. డాక్టర్ దగ్గరికెళ్తే విశ్వాసం తక్కువైనట్టు కాదు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే (కొలొస్సయి 4:14).

అబ్బాయి విషయం. వయసెంతో రాయలేదు, పదిహేను అటూ ఇటూ అనుకుంటున్నాను. బలవంతంగా కూర్చోబెట్టకండి. వాడి దగ్గర కూడా క్షమాపణ అడగండి. తండ్రి కొడుకును క్షమాపణ అడిగితే చులకన అయిపోతాడని భయం, నాకు తెలుసు. పౌలు కాలంలో రోమా చట్టం ప్రకారం ఇంటి పెద్దకు పిల్లల మీద దాదాపు తిరుగులేని అధికారం ఉండేది. అలాంటి లోకంలో కూర్చుని ఆయన "తండ్రులారా, మీ పిల్లల మనసు కుంగిపోకుండా ఉండాలంటే వాళ్లకు కోపం పుట్టించకండి" అని రాశాడు (కొలొస్సయి 3:21). అధికారం ఉన్నవాడికే చెప్పాడు, తగ్గమని.

మీ కుటుంబ ప్రార్థన ఎలా సాగుతుందో కూడా కాస్త చూసుకోండి. ఒకింట్లో తల్లి రోజూ గట్టిగా ఇలా ప్రార్థించేది: "ప్రభువా, ఈ పిల్లకు ఫోన్ పిచ్చి వదిలించు, పరీక్షలు దగ్గర పడ్డాయి, పెద్దల మాట వినే బుద్ధి దయచేయి." పిల్ల పక్కనే కళ్లు మూసుకుని కూర్చుని ఉంటుంది. అది దేవుడికి చెప్తున్నదా, పిల్లకు చెప్తున్నదా? ఆ అమ్మాయి నాతో అంది, "ఆంటీ, మామూలుగా తిడితే నేను ఏదైనా అనొచ్చు, ప్రార్థనలో తిడితే ఆమెన్ అనాలి." నవ్వొచ్చింది గానీ ఆ పిల్లకు ఏడుపొచ్చే సంగతి అది. ఆ తల్లికి మేం చెప్పిందల్లా, పిల్ల గురించి ఏం అడగాలో పిల్లనే అడగండి, అదే ప్రార్థించండి, ఐదు నిమిషాల్లో ముగించండి అని. ద్వితీయోపదేశకాండము 6:7 కూడా ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడమంటుంది. అంటే బతుకు మధ్యలో. దానికి ముందు వచనం ఆ మాటలు ముందు నీ హృదయంలో ఉండాలంటుంది. అలాగని పిల్లల్ని పూర్తిగా వదిలేయమనడం లేదు, కొడుకులు చెడిపోతుంటే అడ్డుకోలేకపోయిన యాజకుడు ఏలీ కథ కూడా ఆ బైబిల్లోనే ఉంది. కానీ మీ ఉత్తరం చూస్తే మీ ఇంట్లో ఉన్నది ఏలీ సమస్య కాదు.

ఇక్కడొక హెచ్చరిక, ఇది మీకే కాదు, ఇది చదివే ఆడవాళ్లకు కూడా. నేను పైన చెప్పిందంతా నోరు జారే ఇంటి గురించి. చెయ్యి లేస్తున్న ఇంటికి ఇది సరిపోదు. అక్కడ ముందు కావాల్సింది సురక్షితమైన చోటు. "డెబ్బై ఏడుల మారులు క్షమించాలి కదా, ఓర్చుకో" అని దెబ్బలు తింటున్న ఆడమనిషికి చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అదే మత్తయి 18లో, ఆ మాటకు కొంచెం ముందే, తప్పు చేసినవాణ్ణి గద్దించమని, వినకపోతే ఒకరిద్దర్ని తీసుకెళ్లమని, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పమని ఉంది. పౌలు కూడా తనను కొరడాలతో కొట్టబోతే నేను రోమా పౌరుణ్ణి అని చట్టాన్ని అడ్డం పెట్టుకున్నాడు (అపొస్తలుల కార్యములు 22), తర్వాత రోమా చక్రవర్తి కైసరు దగ్గరే చెప్పుకుంటానన్నాడు. పోలీసుల దగ్గరికి వెళ్లిన భార్య అవిశ్వాసి అయిపోదు. మీరు మీ ఇంట్లో చెయ్యి ఎత్తి ఉంటే, ఒక్కసారైనా సరే, ఇక్కడ జవాబుల కోసం ఆగకుండా నేరుగా ఎవరైనా ఫ్యామిలీ కౌన్సెలర్‌తో మాట్లాడండి.

మారుమనస్సు కలిగిందా అన్న ప్రశ్నకు వస్తాను. మీ భార్య మాటకు మీరు ఎదురు తిరగకుండా, బాధపడి, ఇక్కడికొచ్చి రాశారు. ఏమీ లేని మనసు ఇలా గుచ్చుకోదు. గలతీ 5:22-23లో ఆత్మఫలం తొమ్మిది మాటలు ఉన్నాయి కదా, ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం అంటూ. వాటిలో చాలావరకు ఒంటరిగా గదిలో ఉన్నప్పుడు పరీక్షకే రావు. దీర్ఘశాంతం ఉందో లేదో తెలియాలంటే మనల్ని విసిగించే మనిషి ఎదురుగా ఉండాలి. కాబట్టి గదిలో మీకు కలుగుతున్న సంతోషం అబద్ధం కాదు, పరీక్ష మాత్రం గది బయట జరుగుతోంది. ఇక పడి లేవడమంటారా, పేతురు యేసు ఎవరో తెలియదని మూడుసార్లు బొంకాడు, సముద్రం ఒడ్డున యేసు అతణ్ణి మళ్లీ నిలబెట్టాడు, పెంతెకొస్తు రోజున అంత ప్రసంగం చేశాడు. ఆ తర్వాత కూడా అంతియొకయలో మనుషులకు భయపడి అన్యుల (యూదులు కాని విశ్వాసుల) భోజనం బల్ల దగ్గర్నుంచి లేచి పక్కకు తప్పుకుంటే పౌలు అందరి ముందు నిలదీయాల్సి వచ్చింది (గలతీ 2). ఆ పేతురునే దేవుడు వదిలేయలేదు. మీ ఇంట్లో ఆ పౌలు పని మీ భార్య చేసింది, అంతే.

చివరగా పాటల సంగతి. కొన్ని నెలలు ఆ బాధ్యత ఇంకొకరికి ఇవ్వండి అంటాను. తన ఇంటిని చక్కదిద్దుకోలేనివాడు సంఘాన్ని ఎలా చూసుకుంటాడని 1 తిమోతి 3లో అడిగింది అధ్యక్షుల (సంఘాన్ని నడిపే పెద్దల) గురించే, కానీ ప్రాక్టీసు సాయంత్రాలు ఇంట్లో ఉంటే మీ భార్యకు అది ఏ క్షమాపణ కంటే గట్టిగా వినిపిస్తుంది. పాస్టర్ గారికి కారణం చెప్పండి, దాచొద్దు. ఆయన ఒప్పుకోకపోతే కనీసం వారంలో రెండు సాయంత్రాలు ఇంటికి వదిలిపెట్టండి.

ఇంకోటి, ఇది చాలామంది ఆలోచించరు. కొన్నాళ్లకు ఇంట్లో పరిస్థితి బాగుపడుతుంది, అప్పుడు ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాలనిపిస్తుంది: నేను ఇలా ఉండేవాణ్ణి, నా భార్యను ఇలా అనేవాణ్ణి, దేవుడు మార్చాడు అని. ఆమెను అడగకుండా చెప్పొద్దు. ఆమె పడిన మాటలు అవి, సంఘమంతా ఆమె వైపు తిరిగి చూస్తుంది, ఇంటికెళ్లేటప్పుడు నలుగురు వచ్చి చెయ్యి పట్టుకుంటారు. చెప్పమంటే చెప్పండి. వద్దంటే ఎందుకని కూడా అడగకండి.